జాంగోను కొత్తవారికి సులభంగా నేర్పడం ఎలా?

కృష్ణాతీరం (ప్రశ్న)

నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం విద్యార్థులకు జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు నిర్మించే ఫ్రేమ్‌వర్కు) బోధిస్తున్నాను. పైథాన్‌లో ఫంక్షన్లు, క్లాసులు చక్కగా రాయగలిగిన పిల్లలు కూడా జాంగో మొదటి తరగతిలోనే బిక్కమొహం వేస్తున్నారు. బ్రౌజరులో ఒక్క పలకరింపు వాక్యం కనిపించాలంటే ముందు ప్రాజెక్టును సృష్టించాలి. దాంతో ఒక ఫోల్డరు, అందులో అదే పేరుతో మరో ఫోల్డరు, దానిలో సెట్టింగ్స్, యూఆర్‌ఎల్స్, వెబ్ సర్వరుతో కలిపే ఏఎస్‌జీఐ, డబ్ల్యూఎస్‌జీఐ ఫైళ్లు పుట్టుకొస్తాయి. సర్వరు నడపగానే, అమలు చేయని మైగ్రేషన్లు (డేటాబేసు టేబుళ్లను సృష్టించే, మార్చే ఆదేశాలు) 18 ఉన్నాయంటూ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. ఒక్క టేబులైనా రాయని విద్యార్థి "సార్, ఇవి ఎక్కడివి?" అని అడిగితే, మొదటి రోజే డేటాబేసు గురించి చెప్పాలా, "తర్వాత చూద్దాం" అని దాటవేయాలా అన్నది నాకు తేలడం లేదు. ఫ్లాస్క్ అనే మరింత చిన్న ఫ్రేమ్‌వర్కుతో మొదలుపెట్టి తర్వాత జాంగోకు రమ్మని కొందరు సలహా ఇస్తున్నారు. జాంగోనే సులభం చేసి చెప్పే మార్గం ఉంటే అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

పైథాన్ మిత్రుడు

నమస్కారం సార్. ఫ్లాస్క్ అవసరం లేదని నా అభిప్రాయం. జాంగోను కూడా ఒకే ఫైలులో నడపవచ్చు. సెట్టింగ్స్‌ను అదే ఫైలులో కాన్ఫిగర్ చేసి, జవాబును తయారుచేసే ఒక వ్యూ ఫంక్షను, ఒక యూఆర్‌ఎల్ జాబితా రాసి, చివర కమాండు లైనును పిలిస్తే చాలు. మొత్తం ఇరవై వరుసలు దాటదు. అభ్యర్థన వస్తే యూఆర్‌ఎల్ జాబితాలో వెతకడం, తగిన ఫంక్షనును పిలవడం, దాని జవాబును బ్రౌజరుకు పంపడం అనే వరుస మొత్తం విద్యార్థికి ఒకే తెరపై కనిపిస్తుంది. ప్రాజెక్టు సృష్టించే రోజు వచ్చినప్పుడు ఆదేశం చివర ఒక చుక్క పెట్టి, పేరు కాన్ఫిగ్ అని ఇవ్వండి. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు అనే తికమక అక్కడితో తీరిపోతుంది.

సర్వరు గది

పై సలహా మొదటి తరగతి వరకు బాగుంటుంది, కానీ మోడళ్లు (డేటాబేసు టేబుళ్లను వర్ణించే క్లాసులు) వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. ప్రతి మోడలు ఏదో ఒక యాప్‌కు (ప్రాజెక్టులో ఒక పని చూసే భాగానికి) చెందాలని జాంగో పట్టుబడుతుంది కనుక, ఒకే ఫైలులో మోడలు రాయాలంటే యాప్ పేరును విడిగా చెప్పే తంటాలు పడాలి. అప్పుడు సులభం అనుకున్నదే కష్టమవుతుంది.

ఫ్రేమ్‌వర్కును సులభం చేయడమంటే దానిలోని శక్తిని కోసేయడం కాదని చెప్పడానికి జాంగో చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 2017 డిసెంబరులో వచ్చిన 2.0 వెర్షను వరకు, చిరునామాలో సంవత్సరాన్ని పట్టుకోవాలంటే కుండలీకరణాలు, ప్రశ్నార్థకం, చదరపు బ్రాకెట్లు నిండిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను వర్ణించే సూత్రం) రాయవలసి వచ్చేది. ఆ వెర్షనులో పాత్ ఫంక్షను వచ్చాక, "ఇది పూర్ణాంకం, దీని పేరు సంవత్సరం" అని నేరుగా చెబితే సరిపోతోంది. పాత పద్ధతి అవసరమైనవారికి రీ_పాత్ అనే పేరుతో అది నేటికీ ఉంది. కొత్తవాడికి దారి సుగమమైంది, అనుభవజ్ఞుడు కోల్పోయింది ఏమీ లేదు. పాఠాలను కూడా మనం ఈ తీరునే అమర్చుకోవాలి.

ఆ 18 మైగ్రేషన్లను మొదటి రోజు వివరించనవసరం లేదు, దాచనవసరమూ లేదు. అవి వాడుకరులు, అనుమతులు, సెషన్లు, అడ్మిన్ (డేటాను చూసి మార్చడానికి సిద్ధంగా ఉండే పేజీలు) వంటి ముందే ఉన్న యాప్‌ల టేబుళ్ల కోసమని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. అడ్మిన్‌లోకి ప్రవేశించడానికి వాడుకరిని సృష్టించే రోజున, ఆ టేబుళ్లు లేకుండా వాడుకరి వివరాలు ఎక్కడ నిలుస్తాయో పిల్లలే అడుగుతారు.

తెర వెనుక

నా ఉద్దేశంలో కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువగా నిరుత్సాహపరిచేది ఎర్రర్ పేజీ. దానిని చదవడం ప్రత్యేకంగా ఒక తరగతి పెట్టి నేర్పాలి. ఉదాహరణకు గ్రంథాలయం అనే యాప్‌లో టెంప్లేట్ల (పేజీల హెచ్‌టీఎంఎల్ నమూనాల) ఫోల్డరు, దానిలో మళ్లీ గ్రంథాలయం పేరుతోనే ఫోల్డరు పెట్టమంటాం. పేరు రెండుసార్లు ఎందుకంటే, జాంగో అన్ని యాప్‌ల టెంప్లేట్ల ఫోల్డర్లనూ వరుసగా వెతికి మొదట దొరికిన ఫైలునే తీసుకుంటుంది. రెండు యాప్‌లలో ఒకే పేరుగల ఫైలు ఉంటే రెండోది ఎప్పటికీ తెరపైకి రాదు.

టెంప్లేటు దొరకనప్పుడు వచ్చే పేజీలో, తాను ఏయే దారుల్లో వెతికిందో జాంగో పూర్తి జాబితా ఇస్తుంది. ఆ జాబితాను విద్యార్థి చేత పైకి చదివించండి. తన యాప్ దారి అందులో అసలు లేకపోతే, సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో దాని పేరు చేర్చలేదేమో చూడాలి. దారి ఉండి ఫైలు లేదంటే పేరులోనో, ఫోల్డరులోనో పొరపాటు ఉంది. ఈ రెండింటి తేడా పట్టుబడిన విద్యార్థి ఆ తర్వాత ప్రతి చిన్న ఎర్రరుకూ మన దగ్గరకు రాడు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. మొదటి తరగతికి ఒకే ఫైలు, రెండో తరగతి నుంచి ప్రాజెక్టు అని నిర్ణయించుకున్నాను. ఒక సందేహం మిగిలింది. ఫారం పంపగానే సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు నుంచి వాడుకరి పేరిట దొంగ అభ్యర్థనలు రాకుండా చేసే తనిఖీ) కారణంగా 403, అంటే అనుమతి లేదనే ఎర్రరు, వస్తుంది. కొత్తవారి కోసం ఆ తనిఖీ చేసే మిడిల్‌వేరును (ప్రతి అభ్యర్థనా వ్యూకు చేరేముందు దాటే పొరను) కొన్నాళ్లు తీసివేయవచ్చా?

సర్వరు గది

తీసివేయవద్దండి. తీసివేసిన వరుసను తిరిగి పెట్టడం చాలామంది మరచిపోతారు, అదే కోడు రేపు ప్రాజెక్టు వర్కులోకీ, ఆపై ఉద్యోగంలోకీ వెళ్తుంది. 403 రానివ్వండి, డీబగ్ సెట్టింగు ఆన్‌లో ఉంటే కారణమూ పరిష్కారమూ ఆ పేజీలోనే ఉంటాయి. సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెను ట్యాగును ఫారంలో వాళ్ల చేతే చేర్చించి మళ్లీ పంపించండి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఒకే ఫైలు పద్ధతిలో మనం చెప్పకపోతే మిడిల్‌వేరు జాబితా ఖాళీగా ఉంటుంది కనుక అక్కడ ఈ 403 రానే రాదు. అందువల్ల ఫారాల పాఠాన్ని పూర్తి ప్రాజెక్టులోనే చెప్పండి.