నాన్నను చూసుకుంటున్న ఇంటర్ అమ్మాయికి మేం ఏం చేయగలం?

మియాపూర్ పిన్ని:
మా అక్క కూతురికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ బైపీసీ. బావగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా సరిగా రావట్లేదు. అక్క ఉప్పల్‌లో బట్టల షాపులో చేస్తుంది, మానేస్తే ఇల్లు గడవదు. దాంతో బోడుప్పల్‌లో ఇంట్లో మందులు, తినిపించడం, పక్కకి తిప్పడం, ఎక్సర్‌సైజులు అన్నీ ఈ పిల్లే. కాలేజీకి సగం రోజులు వెళ్లట్లేదు. వచ్చిన చుట్టాలందరూ "బంగారుతల్లి, కొడుకైనా ఇంత చేయడు" అని మెచ్చుకుని వెళ్లిపోతారు, దాని పని మాత్రం ఒక్కటీ తగ్గదు. అడిగితే "నాకేం ఇబ్బంది లేదు పిన్నీ" అంటుంది, కానీ రాత్రి నాన్న కాస్త కదిలినా లేచి కూర్చుంటోందట. డబ్బు కొంత పంపగలను. ఇంకేం చేయాలో చెప్పండి.

ఫిజియో, సికింద్రాబాద్:
ఆ అమ్మాయి ఒక్కతే ఆయన్ని లేపుతోందా? ముందు అది ఆపించండి, నడుము పోతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని అస్సలు లాగకూడదు, భుజం జారుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పమంటాం కాబట్టి రాత్రి ఆ పని పెద్దవాళ్లు పంచుకోవాలి. ఇంకోటి, స్నానం, బాత్రూం పనులకి మగవాళ్లెవరైనా రావాలి. ఆయన నోటితో చెప్పలేకపోవచ్చు, కూతురి ముందు ఎంత నలిగిపోతారో నేను చాలా ఇళ్లలో చూశాను.

మల్కాజిగిరి:
కన్నవాళ్లకి సేవ చేయడం ధర్మం కదండీ, పిల్లని చూసి జాలిపడటం ఎందుకు?

డయాలసిస్ అమ్మ కొడుకు:
చేయొద్దని ఎవరూ అనలేదండీ. నేనూ ఇంటర్‌లో ఉండగా మా అమ్మకి ప్రేమతోనే చేశాను. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది, నా టైం ఎక్కడ కలపాలి? "ఏదైనా కావాలంటే అడుగు" అన్నవాళ్లని నేను ఒక్కసారీ అడగలేకపోయాను. మా బాబాయి మాత్రం శనివారం డయాలసిస్ తనదే అని చెప్పి, ప్రతి శనివారం వచ్చి అమ్మని తీసుకెళ్లేవాడు, ఆ పూట నేను చదువుకున్నానో పడుకున్నానో ఎవరూ అడిగేవాళ్లు కాదు. పిన్నిగారూ, మీరూ ఒక రోజు తీసుకోండి, మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఉప్పల్ దాకా వచ్చేయొచ్చు. కాలేజీలో పిల్లతో చెప్పించకండి, అక్కగారో మీరో ఆసుపత్రి కాగితాలతో ప్రిన్సిపాల్‌ని కలవండి, 75 శాతం హాజరు సంగతి పరీక్ష ఫీజు టైంకి బయటపడితే చాలా టెన్షన్. ఇంట్లో చెప్పుకోలేనివి ఉంటే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయమనండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నాగోల్ అన్న:
బావగారికి వికలాంగుల సర్టిఫికెట్ సంగతి కూడా చూడండి. స్ట్రోక్ వచ్చిన వెంటనే ఇవ్వరు, పరిస్థితి స్థిరపడ్డాక పరీక్ష చేస్తారు. దాంతో యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వస్తుంది, 40 శాతం లేదా ఆపైన ఉండి మిగతా అర్హత కూడా ఉంటే ఆసరా పింఛను. 2023లో దాన్ని నెలకి 4,016 చేశారు. మంజూరు అయ్యేదాకా దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు. ఆ ఆఫీసుల చుట్టూ పిల్లని తిప్పకుండా మీలో ఎవరైనా వెళ్లండి.

మియాపూర్ పిన్ని:
అందరికీ థాంక్స్. బావగారి తమ్ముడు ఘట్‌కేసర్‌లోనే ఉంటాడు, పొద్దున స్నానం చేయించి డ్యూటీకి వెళ్లమని ఇవాళే అడుగుతాను. ఆదివారాలు నావి. డబ్బు ఆయాకి పెడదామనుకుంటున్నా, కనీసం కాలేజీ ఉన్నంతసేపు. ఫిజియోగారూ, లేపడం ఎలాగో నాకూ అక్క మరిదికీ ఒకసారి నేర్పించగలరా?