ఓబీ, గాంగ్, టైలింగ్స్: మూడింటికీ 'వ్యర్థం' అంటే సరిపోతుందా?

పటమట_మాస్టారు
నమస్కారమండి. మైనింగ్ డిప్లొమాలో చేరిన తెలుగు మీడియం పిల్లలకు విజయవాడలో సాయంత్రం పాఠాలు చెబుతున్నాను. నోట్సులో ఓవర్‌బర్డెన్, గాంగ్, టైలింగ్స్ మూడింటికీ 'వ్యర్థం' అని రాశాను. నిన్న ఒకమ్మాయి "మూడూ ఒకటేనా సార్?" అని అడిగింది. పనిచేసినవాళ్లు ఏమంటారో చెప్పండి.

భవానీపురం_రిటైర్డ్
ఒకటి కాదండీ. సింగరేణిలో ఓవర్‌మన్ (గని సూపర్‌వైజరు) నుంచి డంపర్ డ్రైవర్ దాకా అందరం ఓవర్‌బర్డెన్‌ని 'ఓబీ' అనేవాళ్లం. బొగ్గు పొర మీదున్న మట్టి, రాయి అది. టన్ను బొగ్గుకి ఎన్ని క్యూబిక్ మీటర్ల ఓబీ తీయాలన్నదే స్ట్రిప్పింగ్ రేషియో. అది పెరిగేకొద్దీ గని గిట్టదు. తీసిన ఓబీతోనే మళ్లీ గుంత పూడుస్తారు, వ్యర్థం ఎలా అవుతుంది?
ఇంకొకటి తప్పకుండా చెప్పండి. అండర్‌గ్రౌండ్‌లో పైకప్పును తట్టి వింటాం. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే పొర విడిందన్నమాట, దాని కింద నిలబడకూడదు. పుస్తకంలో 'డ్రమ్మీ' అని ఉంటుంది. 'డొల్ల' అనండి, జన్మలో మరిచిపోరు.

గుంటూరు_సైన్స్_టీచర్
గాంగ్‌కి పదో తరగతిలో మేం చెప్పే మాట 'ఖనిజ మాలిన్యం'. ఓబీలా పైన ఉండదు, ధాతువులోనే, అంటే లోహం తీసే రాయిలోనే కలిసి ఉంటుంది. మన పల్నాడు బండ్లమోట్టులో సీసం తవ్వేవారు కదా, ఆ సీసపు ఖనిజం గెలీనానే ఉదాహరణ తీసుకోండి. రాయిని పిండిచేసి, నీళ్లలో కలిపి, మందు వేసి గాలి ఊదితే గెలీనా రేణువులు బుడగలకు అంటుకుని నురుగులో పైకొస్తాయి. మాలిన్యం కిందే ఉండిపోతుంది. నీటికి ఏడున్నర రెట్లు బరువైనది తేలడమేమిటని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి, ప్లవన ప్రక్రియ అర్థమయ్యేది అక్కడే.

పిడుగురాళ్ల_బట్టీ
ధాతువును కాల్చడాన్ని పుస్తకంలో 'భస్మీకరణం' అంటారు కదా, దాని గురించి కూడా ఒక మాట. మా దగ్గర సున్నం కాల్చడం అంటాం. భస్మం అనగానే పిల్లలు బూడిద అనుకుంటారు, కానీ గడ్డ గడ్డలాగే ఉంటుంది, తేలికవుతుంది అంతే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడై పోతుంది. కాలిన గడ్డ, కాలని గడ్డ రెండూ క్లాసుకి పట్టుకెళ్లండి. తడిచేత్తో మాత్రం ముట్టుకోనివ్వొద్దు, చెయ్యి కాలుతుంది.

పటమట_మాస్టారు
గడ్డలు రేపే తెప్పిస్తాను. మరి టైలింగ్స్‌ని ఏమనాలి?

గుంటూరు_సైన్స్_టీచర్
చెరకు ఆడాక మిగిలేదాన్ని పిప్పి అంటాం కదా. టైలింగ్స్ కూడా ధాతువును పిండిచేసే మిల్లులో సారం తీశాక మిగిలిందే కాబట్టి ఇదీ పిప్పే.

భవానీపురం_రిటైర్డ్
మాట బాగుందమ్మా. పరీక్షలో మాత్రం టైలింగ్స్ అనే రాయమనండి. పిప్పి అంటే పొడిగా ఉంటుందనుకుంటారేమో, ఇది నీళ్ల బురద. కట్టవేసి చెరువులో నిలబెడతారు. వానాకాలంలో ఆ కట్ట మీద రోజూ ఒక కన్నేసి ఉంచాలి, అది కూడా నోట్సులో రాయండి.