దేవుడి పేరు ముందు నక్షత్రం: చదవాలా, వద్దా?

ప్రశ్న: ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఒకప్పుడున్న సుమేరు దేశపు మట్టిపలకల ఫొటోల్లో దేవుళ్ల పేర్ల ముందు నక్షత్రం లాంటి గుర్తు కనిపిస్తోంది. మనం పేరు ముందు "శ్రీ" రాసినట్టేనా అండీ?

జవాబు: చోటు అదేనండీ, పని వేరు. శ్రీని పైకి చదువుతాం. ఈ నక్షత్రం పేరు ముందు ఉంటే పలకరు. "రాబోయేది దేవుడి పేరు" అని కంటికి చెప్పడమే దాని పని. విడిగా ఉంటే మాత్రం పలుకుతుంది: "అన్" అంటే ఆకాశం, ఆకాశదేవుడు కూడా, "దింగిర్" అంటే దేవుడు. ఎక్కడ ఏది చదవాలో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఇలాంటి మూగ గుర్తులు ఎందుకంటే, ఎన్, లిల్ అనే రెండు గుర్తులు తీసుకోండి. ముందు నక్షత్రం పెడితే ఎన్‌లిల్ దేవుడు. నక్షత్రం తీసేసి చివర "కి" (నేల) గుర్తు చేరిస్తే ఆయన ఊరు నిప్పుర్. అప్పుడు దాన్ని ఎన్‌లిల్ అని కాదు, "నిబ్రు" అని చదవాలి! కూడబలుక్కుని చదివేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

సుమేరు నగరం ఉరుక్‌లో దొరికిన తొలి పలకల మీద, అంటే క్రీ.పూ. 3200 ప్రాంతంలో, ఈ దేవుడి గుర్తు అచ్చం నక్షత్రం బొమ్మే. తడిమట్టి మీద రెల్లుపుల్లతో గీయడం కంటే ఒత్తడం తేలిక కదా, పోనుపోను మేకుల్లాంటి కొద్దిపాటి ఒత్తులే మిగిలాయి.

ప్రశ్న: మరి ఇష్తార్ దేవత బొమ్మల దగ్గరుండే ఎనిమిది కోణాల నక్షత్రం?

జవాబు: ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. అది శుక్రగ్రహం, ఇష్తార్ చిహ్నం. ముద్రల మీదా రాళ్ల మీదా చెక్కే బొమ్మే గానీ చదివే గుర్తు కాదు. ఇష్తార్‌ని సుమేరులో ఇనన్నా అనేవారు. ఆ పేరు రాసే గుర్తు వేరే, పైకొన వలయంలా చుట్టిన రెల్లుకట్ట. ఉరుక్‌లో దొరికిన సుమారు మీటరు ఎత్తు రాతిపాత్ర మీద ఆ రెల్లుకట్టలు జంటగా నిలబెట్టి ఉంటాయి. గుడి ముందుండే వస్తువే ఇక్కడ అక్షరమైంది.

ప్రశ్న: రాజులెవరూ ఆ నక్షత్రం పెట్టుకోలేదా?

జవాబు: పెట్టుకోకుండా ఉంటారా! క్రీ.పూ. 23వ శతాబ్దంలో సుమేరుకు ఉత్తరాన ఉన్న అక్కద్ రాజు నరామ్‌సిన్ తన పేరు ముందు వేయించుకున్నాడు. ఆయన్ని తమ ఊరి దేవుణ్ణి చేయమని జనమే దేవతలను వేడుకుని గుడి కట్టారని ఇరాక్‌లోని బసెత్కి దగ్గర దొరికిన విగ్రహం మీది శాసనం చెబుతుంది. రాయించింది రాజుగారే కాబట్టి ఆ "జనమే" అన్నదాన్ని కాస్త ఆచితూచి నమ్మాలి. తాత సర్గోన్‌కి మాత్రం ఈ వేషాలు లేవు.