ముహూర్తం రాత్రి 1:47కి, విందు 7కి. ఎప్పుడు వెళ్ళాలి?

కరీంనగర్_వాసి: మా టీమ్‌లో అమ్మాయి పెళ్ళి, భీమవరంలో. శుభలేఖలో సుముహూర్తం రాత్రి 1:47కి, విందు 7 గంటల నుండి అని ఉంది. మా వైపు పెళ్ళిళ్ళు ఎక్కువగా పగలే, ముహూర్తానికి కాస్త ముందు వెళ్ళి అక్షింతలు వేసి భోంచేసి వచ్చేస్తాం, అందుకే నాకు ఇది అర్థం కావట్లేదు. ముందే తినేసి వచ్చేస్తే భోజనానికే వెళ్ళినట్టు ఉండదా? పోనీ రెండింటి దాకా కూర్చోవాలా?

గోదారి_గట్టు: 7కి మాత్రం వెళ్ళకండి, అప్పటికి ఇంకా కుర్చీలు సర్దుతుంటారు. ఎనిమిదిన్నరకి వెళ్ళండి. ఈమధ్య చాలా చోట్ల విందు టైమ్‌లోనే ఇద్దర్నీ స్టేజ్ మీద నిలబెడుతున్నారు, ఫొటో దిగి, తినేసి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ముహూర్తం దాకా ఉండేది చుట్టాలూ బాగా దగ్గరివాళ్ళూ.

పెళ్ళిపందిరి: అంత దూరం వెళ్ళి జీలకర్ర బెల్లం చూడకుండా వచ్చేస్తారా? శుభలేఖలో వేసే ముహూర్తం దానికే, తాళి కట్టడానికి అనుకుంటారు చాలామంది. పంతులుగారు వాచీ చూసుకుంటూ ఉండి, సరిగ్గా ఆ నిమిషానికి అడ్డుతెర మీదుగా ఒకరి తల మీద ఒకరితో పెట్టించేస్తారు, మీరు 2కి వస్తే ఇక అది అయిపోయినట్టే. 1కల్లా మండపం దగ్గరుంటే పెళ్ళికూతుర్ని మేనమామలు బుట్టలో మోసుకురావడం కూడా కనబడొచ్చు. మధ్యలో రూమ్‌కి వెళ్ళి కాసేపు పడుకోండి. తలంబ్రాల టైమ్‌కి ఎలాగూ హాల్లో సగం మంది కునికిపాట్లే.

డల్లాస్_బావ: ఇక్కడ మా వాళ్ళ రిసెప్షన్ 6కి అంటే ఏడున్నర. పాపం ఆఫీసులో అమెరికన్లు నిజంగానే 6కి వచ్చి ఖాళీ హాల్లో కూర్చుంటారు. అందుకే వాళ్ళకి విడిగా 7 అని చెప్తాం. హాలు మాత్రం రాత్రి చెప్పిన టైమ్‌కి ఖాళీ చేయాల్సిందే, మనం ఆలస్యంగా వచ్చిన కొద్దీ తగ్గేది మన భోజనం టైమే.

కరీంనగర్_వాసి: సరే, ఎనిమిదిన్నరకి భోజనం, 1కి మండపం. కవర్ ఎప్పుడివ్వాలి?

పెళ్ళిపందిరి: స్టేజ్ మీదే ఇచ్చేయండి. ముహూర్తం టైమ్‌లో ఆ అమ్మాయి చేతులు ఖాళీగా ఉండవు, వాళ్ళ నాన్నగారైతే అసలు దొరకరు.