ఓరియంటేషన్ వారంలో పార్టీలు ఎక్కడ దొరుకుతాయి? (డల్లాస్ వైపు, ఆగస్టు 2025 బ్యాచ్)

గుంటూరు_టు_డల్లాస్
ఆగస్టు 14న దిగుతున్నాను, ఎంఎస్. సోమవారం 18 నుంచి ఓరియంటేషన్. మా బ్యాచ్‌లో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, రూమ్మేట్లు కూడా వాట్సాప్ గ్రూపులో దొరికినవాళ్ళే. ఆ వారమంతా రూములో కూర్చుని గోడలు చూడటం నా వల్ల కాదు. పార్టీలు ఎక్కడ జరుగుతాయి? ఎవరిని అడగాలి? పిలవకుండా వెళ్తే బాగుంటుందా? ఇంకో విషయం, నాకు అక్టోబర్‌కి గానీ 21 నిండవు. నన్ను బడిలో ఏడాది ముందే వేసేశారు.

బిర్యానీ_బ్రిగేడ్
పార్టీ సంగతి తర్వాత బ్రో, మెనింజైటిస్ టీకా వేయించుకున్నావా? టెక్సాస్‌లో 22 ఏళ్ళ లోపు కొత్త స్టూడెంట్లకి అది తప్పనిసరి. క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. నేను ఆ కాగితం గుంటూరు ఇంట్లో బీరువా మీద వదిలేసి వచ్చా. రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడింది. బయట పచ్చికలో అందరూ ఐస్‌క్రీమ్ తింటుంటే నేను హెల్త్ సెంటర్ లైన్లో నిలబడ్డా. నా ఓరియంటేషన్ అంతే.

ఓరుగల్లు_రాజు
ఫ్రాట్ హౌస్ (అబ్బాయిల స్టూడెంట్ క్లబ్బు ఇల్లు) పార్టీ అని ఎవడైనా ఆశపెడితే ముందు తలలు లెక్కపెట్టుకో. పోయినేడాది మేం ఐదుగురం, అందరం మగపిల్లలమే, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, సెంటు కొట్టుకుని, ఆ ఎండలో ఇరవై నిమిషాలు నడిచి వెళ్ళాం. గేటు దగ్గర ఒకడు మడత కుర్చీలో కూర్చున్నాడు. లోపల ఎవరు తెలుసన్నాడు. ఎవరూ తెలియదన్నాం. మీతో అమ్మాయిలెంతమంది అన్నాడు. మావాడు చేతులు కట్టుకుని "జీరో సర్" అన్నాడు. ఆ సర్ వినగానే కుర్చీలోవాడికి నవ్వాగలేదు. అటునుంచి అటే టాకో బెల్‌కి పోయి బరిటోలు తిని వచ్చాం. అవన్నీ బీటెక్ వయసు పిల్లలు కొత్త మెంబర్లను చేర్చుకోవడానికి పెట్టుకునే పార్టీలు. ఎంఎస్‌వాళ్ళు వాళ్ళ కంటికి అంకుల్స్.

తొక్కుడుబిళ్ళ
పార్టీ అంటే మందేనా? నా ఫ్రెండ్స్ అందరూ లైన్లలో దొరికినవాళ్ళే. పిజ్జా లైను, ఫ్రీ టీషర్ట్ లైను, ఐడీ కార్డు లైను. ఐడీ కార్డు లైన్లో నా ముందున్న నేపాలీ అమ్మాయి ఫోన్ ఆగిపోతే పవర్ బ్యాంకు ఇచ్చా. అది తీసుకోవడానికి సాయంత్రం వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్తే హాల్లో పేపర్లు పరుచుకుని పన్నెండు మంది మోమోలు ఒత్తుతున్నారు. రాత్రి ఒంటిగంటకి వదిలారు. యూనివర్సిటీ మెయిల్స్ చదవకుండా డిలీట్ కొట్టొద్దు, ఫ్రీగా దొరికేవన్నీ వాటిలోనే ఉంటాయి. అమ్మాయిలు చదువుతుంటే ఒక్క మాట: గ్లాసు ఎక్కడైనా పెట్టి పక్కకి వెళ్తే తిరిగొచ్చాక అదే తాగొద్దు, కొత్తది తీసుకోండి. కోక్ అయినా సరే.

పాతకాపు_2012
నేను 2012 ఫాల్ (ఆగస్టు) బ్యాచ్, పదమూడేళ్ళుగా డల్లాస్‌లోనే ఉన్నా. ఇలాంటి ప్రశ్నలు ప్రతి ఆగస్టులో చూస్తున్నా కాబట్టి రాసుకోండి. 21 నిండనివాడు చేతిలో బీరుతో దొరికితే టెక్సాస్‌లో 500 డాలర్ల దాకా ఫైన్. కొనిచ్చినవాడికి 4,000 డాలర్ల దాకా ఫైన్, ఏడాది దాకా జైలు. కాబట్టి రూమ్మేట్లని ఇబ్బంది పెట్టకు. ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు: తల్లో తండ్రో ఎదురుగా కూర్చుని చూస్తుంటే 21 లోపు వాళ్ళు కూడా తాగొచ్చు. ఇక 21 దాటినవాళ్ళు బార్‌కి వెళ్తే ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి. ఇండియా లైసెన్స్ చూపిస్తే బౌన్సర్ దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కిస్తాడు.

ఓరుగల్లు_రాజు
మా నాన్న ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు మంచినీళ్ళే గొంతు దిగవు అన్నా.

సగం_నిద్ర
"ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి" అని అంత తేలిగ్గా ఎలా చెప్తారండీ? నాది డీప్ ఎల్లమ్‌లో, అదే డల్లాస్‌లో బార్లు, మ్యూజిక్ షోలు ఉండే ఏరియాలో పోయింది. ఓరియంటేషన్ ముగిసిన శుక్రవారం రాత్రి. జీన్స్ వెనక జేబులో పెట్టా, తిరిగొస్తూ రైల్లో తడుముకుంటే లేదు. పోలీస్ రిపోర్టు, పాస్‌పోర్ట్ దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ ఫారాలు, ఫొటో సైజు తప్పని తిరిగొచ్చిన కవరు, మళ్ళీ పంపడం. సరే, కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది. పాతదాంట్లో ఉన్న వీసా స్టాంప్ ఎవరిస్తారు? అమెరికాలో ఉండగా అది మళ్ళీ వేయరు. ఇండియా వెళ్తే స్టాంపింగ్ స్లాట్ దొరుకుతుందో లేదో అన్న భయంతో అక్క పెళ్ళికి వెళ్ళలేదు. వీడియో కాల్లో చూశా. సరిగ్గా తలంబ్రాల టైముకి నెట్ ఆగిపోయింది.

పాతకాపు_2012
వెనక జేబులో పెట్టుకున్నది మీరు, తప్పు నాదా? పైగా ఇక్కడి చట్టం ప్రకారం 18 దాటిన మనలాంటివాళ్ళు రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది కూడా ఇంట్లో పెడతారా?

ఎక్సెల్_షీట్
ఆ పత్రం అంటే ఐ-94 సార్, అమెరికాలో దిగినప్పటి ఎంట్రీ రికార్డు, పాస్‌పోర్ట్ కాదు. వెబ్‌సైట్‌లో ప్రింట్ తీసి పర్సులో పెట్టుకోవచ్చు. పదమూడేళ్ళ అనుభవంలో ఇది తగల్లేదా?

పాతకాపు_2012
ప్రింట్ కాగితం చూపిస్తే ఏ బార్‌వాడు లోపలికి రానిస్తాడు తమ్ముడూ? నువ్వు ఇప్పటిదాకా ఎన్ని బార్లు చూశావు?

ఎక్సెల్_షీట్
చట్టం మాట ఎత్తింది మీరు. నేను చట్టానికి జవాబు చెప్పా, బార్‌కి కాదు. బార్ కోసం అయితే టెక్సాస్ ఐడీ తీసుకోవాలి, 16 డాలర్లు. పాస్‌పోర్ట్, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, ఐ-94, అడ్రస్ రుజువులు పట్టుకుని లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసుకి ఒక్కసారి వెళ్తే పని అయిపోతుంది.

సగం_నిద్ర
ఒక్కసారా? నాకు అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలన్నర పట్టింది. వెళ్తే లీజులో నా పేరు ఒక అక్షరం తేడాగా ఉందని తిప్పి పంపారు. ఓరియంటేషన్ వారానికి ఆ కార్డు చేతికి రావాలంటే మనిషి జూన్‌లోనే దిగాలి.

బిర్యానీ_బ్రిగేడ్
అసలు ప్రశ్న చదివారా మీ ముగ్గురూ? ఆ కుర్రాడికి 20 ఏళ్ళు. వాడికి టెక్సాస్‌వాళ్ళు ఇచ్చేది నిలువు కార్డు, 21 లోపు అని దాని మీదే ఉంటుంది. అక్టోబర్ దాకా ఏ కార్డు ఉన్నా వాడు తాగేది కొబ్బరి నీళ్ళే.

పాతకాపు_2012
నేను అందరి కోసం చెప్తున్నా. మంచి చెప్తే ఇలాగే ఉంటుంది. మా రోజుల్లో సీనియర్ ఒక మాట చెప్తే నోరెత్తేవాళ్ళం కాదు.

తొక్కుడుబిళ్ళ
మీ రోజుల్లో సీనియర్లు జూనియర్లతో అంట్లు తోమించేవాళ్ళని కూడా విన్నాం లెండి.

ఓరుగల్లు_రాజు
ఇప్పుడూ తోమిస్తున్నారు అక్కా. ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో తెచ్చినందుకు నాకు రెండు వారాలు రైస్ కుక్కర్ డ్యూటీ వేశారు. గిన్నె అడుగంటితే మళ్ళీ మాటలు.

చికాగో_చలి
బయటివాణ్ణి, అయినా చెప్తా. ఏడు సముద్రాలు దాటి వచ్చి తెలుగువాళ్ళతోనే తిరిగి, తెలుగువాళ్ళ ఇంట్లోనే తిని, దాన్ని సోషల్ లైఫ్ అనుకోవడం ఏంటి? మొదటి వారంలో ఏ గుంపులో పడితే రెండేళ్ళూ అందులోనే ఉంటారు. ఆ వారం తెలుగు గ్రూపులు మ్యూట్ చేసి బయటకి పో.

బిర్యానీ_బ్రిగేడ్
చెప్పడం తేలిక. నాకు జ్వరం వచ్చినప్పుడు రసం కాచి తెచ్చింది ఆ మ్యూట్ చేయమన్న గ్రూపులోవాళ్ళే. పైగా ఈసారి వినాయక చవితి ఆగస్టు 27న. ప్రతి కాంప్లెక్స్‌లో ఒక బొమ్మ, ఒక స్పీకరు, ఉండ్రాళ్ళు. ఎవరినీ అడగక్కర్లేదు, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళిపోవడమే. ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్తే సగం బ్యాచ్ అక్కడే కనిపిస్తుంది.

చికాగో_చలి
గుడికి వెళ్ళొద్దని నేను అన్నానా? లేని మాట అంటగట్టకండి.

ఎక్సెల్_షీట్
గుడి గొడవ తర్వాత. గుంటూరు తమ్ముడూ, నీ వయసుకి దారి ఉంది. డీప్ ఎల్లమ్‌లో కొన్ని చోట్ల మ్యూజిక్ షోలకి 18 దాటితే రానిస్తారు. చేతి మీద ఎక్స్ గుర్తు వేస్తారు, అది ఉంటే మందు పోయరు, అంతే. డార్ట్ (డల్లాస్ సిటీ రైలు) గ్రీన్ లైన్ అక్కడే ఆగుతుంది. డెంటన్‌వాళ్ళయితే ఏ-ట్రైన్‌లో ట్రినిటీ మిల్స్ దాకా వచ్చి మారాలి. వెళ్ళేటప్పుడే చివరి రైలు టైము చూసుకో, లేదంటే ఊబర్‌కి వారం కూరగాయల డబ్బు అవుతుంది.

గుంటూరు_టు_డల్లాస్
ఆగస్టు 24. అందరికీ థాంక్స్, గొడవపడ్డవాళ్ళకి కూడా. సోమ, మంగళ జెట్‌లాగ్‌తో సాయంత్రం ఆరింటికే పడిపోయా, ఐస్‌క్రీమ్ మిస్. బుధవారం అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దగ్గర పార్టీ అంటే పరిగెత్తా. ఇరవై మంది తెలుగువాళ్ళు, నీళ్ళలో ఒక్కడూ దిగలేదు, రెండు గంటలూ ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిషన్) గురించే మాట్లాడారు. గురువారం లైబ్రరీ టూర్‌లో ఒక వియత్నాం కుర్రాడు పరిచయమయ్యాడు, వాడికీ 20 ఏళ్ళే. నిన్న రాత్రి ఇద్దరం డీప్ ఎల్లమ్ షోకి వెళ్ళాం. ఐడీగా పాస్‌పోర్ట్ తప్ప నా దగ్గర ఇంకేం లేదు. సగం_నిద్ర గారి పోస్టు గుర్తొచ్చి దాన్ని కవర్లో పెట్టి, తాడు కట్టి, చొక్కా లోపల మెడలో వేసుకున్నా. ఎగిరినప్పుడల్లా ఛాతీకి కొట్టుకుంటూనే ఉంది. చేతి మీద ఎక్స్ మార్కర్‌తో వేశారు, సబ్బుకి పోలేదు. పొద్దున వీడియో కాల్లో అమ్మ చూసి "చేతికి ఏమైందిరా" అంది. ఓరియంటేషన్‌లో అందరికీ వేశారని చెప్పా.

పాతకాపు_2012
చూశారా, చివరికి ఒరిజినలే కావాల్సి వచ్చింది.

సగం_నిద్ర
ఆ తాడు ఎక్కడ కొన్నావ్?

ఓరుగల్లు_రాజు
27న ఫ్రిస్కో వైపు కారు ఎవరిదైనా వెళ్తోందా? ఒక్క సీటు చాలు. కుక్కర్ డ్యూటీ మాత్రం చేయను.