సెయిలింగ్ అయ్యాక భోజనానికి ఎవరూ ఆగడం లేదు

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నడిపే చిన్న క్లబ్ మాది. నెలకో ఆదివారం అందరం కలిసి భోంచేసే ఏర్పాటు నేనే చూస్తాను. ఐదు నెలలుగా వాట్సాప్‌లో 40 మంది వస్తామంటున్నారు, తీరా ఆగేది 12 మందే.

పిల్లలు ఉదయం 7కి ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవలు నీళ్లలోకి దింపుతారు, 10:30కి ఒడ్డుకొస్తారు. తెరచాపలు ఇంకా ఆరనే ఆరవు, చుక్కానులు కడిగి లోపల పెట్టనే పెట్టరు, గేటు దగ్గర కార్లు స్టార్ట్ అయిపోతాయి.

సాయంత్రం భోజనాన్ని మధ్యాహ్నానికి మార్చాం. ఇంటికో వంటకం తెమ్మంటే రెండు గిన్నెల పులిహోరే వచ్చింది. మనిషికి 150 రూపాయల చొప్పున క్యాటరింగ్ పెడితే సగం మిగిలిపోయింది, చాలా బాధేసింది.

నాకు తోచిన కారణం ఒకటే. ఆ మూడున్నర గంటలూ పెద్దవాళ్లు షెడ్డు కింద ఫోన్లు చూస్తూ కూర్చుంటున్నారు. ఆప్టిమిస్ట్ రెండున్నర మీటర్లు కూడా ఉండదు, అందులో పిల్లలు ఒక్కొక్కరే వెళ్లాలి. పెద్దవాళ్లను తిప్పడానికి ఇద్దరు పట్టే ఎంటర్‌ప్రైజ్ పడవ ఒక్కటే ఉంది.

పడవ నడపడం రాని తల్లిదండ్రులకు ఆ ఉదయం ఒడ్డున ఏ పని అప్పగిస్తే, క్లబ్ తమదే అనుకుని భోజనం దాకా ఆగుతారు?