టీవీ స్టూడియో నుంచి యునెస్కో అధ్యక్ష పీఠం దాకా: కాతలిన్ బోగ్యాయ్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రేడియో గొంతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక రేడియో స్టేషన్లో క్యాజువల్ అనౌన్సర్‌గా చేస్తున్నాను, పక్కన జర్నలిజం పీజీ కూడా నడుస్తోంది. ప్రపంచ రేడియో దినోత్సవానికి స్క్రిప్టు రాస్తూ అసలు ఈ ఫిబ్రవరి 13 ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికాను. 1946లో ఐక్యరాజ్యసమితి రేడియో మొదలైన రోజు అది, దాన్ని రేడియో దినోత్సవంగా ప్రకటించింది 2011 నవంబరులో ప్యారిస్‌లో జరిగిన యునెస్కో 36వ జనరల్ కాన్ఫరెన్స్, అంటే సభ్యదేశాలన్నీ కూర్చునే మహాసభ. ఆ సమావేశాలకి అధ్యక్షురాలు హంగరీకి చెందిన కాతలిన్ బోగ్యాయ్ అని చూసి, ఎవరీమె అని ఇంకొంచెం చదివితే, ఆవిడ అంతకుముందు హంగరీ టెలివిజన్లో కార్యక్రమాలు చేసిన మనిషి అని తెలిసింది. మైకు ముందు పనిచేసిన మనిషి సారథ్యంలోనే రేడియోకి ఒక రోజు దక్కిందన్నమాట, నాకైతే చాలా సంతోషం అనిపించింది.

అయితే ఇంటర్నెట్లో దొరికేవన్నీ పదవుల జాబితాలే. 1999 నుంచి 2006 దాకా లండన్‌లో హంగరీ సాంస్కృతిక కేంద్రం డైరెక్టర్, తర్వాత విద్యా సాంస్కృతిక శాఖలో స్టేట్ సెక్రటరీ, 2009 నుంచి యునెస్కోలో రాయబారి, 2015 నుంచి 2020 వరకు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి హంగరీ శాశ్వత ప్రతినిధి. ఇంత దూరం ఎలా వచ్చారు? టీవీలో నేర్చుకున్నది అక్కడ నిజంగా పనికొచ్చిందా, లేక పరిచయాలతో దొరికిన పదవులా? 2011లో ఆవిడ పాత్ర కుర్చీలో కూర్చోవడం వరకేనా? మనలాంటి వాళ్ళకి ఈ దారి ఏదైనా ఉందా? యూరప్ వైపు ఉన్నవాళ్ళు, ఈ విషయాలు చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి ప్లీజ్.

థేమ్స్ ఒడ్డున

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, లండన్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఆ కేంద్రం సంగతి కొంత తెలుసు. అది కోవెంట్ గార్డెన్ దగ్గర మెయిడెన్ లేన్ అనే సన్న వీధిలో ఉండేది, రాయల్ ఒపెరా హౌస్ నుంచి నాలుగడుగులు. ఆ ఒపెరాకి 1961 నుంచి పదేళ్ళు సంగీత దర్శకుడు గేయోర్గ్ షోల్టీ, ఆయన పుట్టింది బుడాపెస్ట్‌లో. బ్రిటిష్ సినిమాని నిలబెట్టిన వాళ్ళలో ఒకడైన అలెగ్జాండర్ కోర్డా కూడా హంగరీవాడే. పైగా 1956 తిరుగుబాటుని సోవియట్ ట్యాంకులు అణిచేశాక దేశం వదిలిన సుమారు 2 లక్షల మందిలో 20 వేల మంది దాకా బ్రిటన్ చేరారు. అంటే హంగరీ సంస్కృతిని కొత్తగా మోసుకురావాల్సిన అవసరం లండన్‌లో లేదు, అది అప్పటికే ఊరంతా ఉంది, కాకపోతే దాన్ని హంగరీ పేరుతో ఎవరూ గుర్తుపట్టడం లేదు. డైరెక్టర్‌గా ఎవరొచ్చినా అసలు పని అక్కడే.

ఇక్కడే టీవీ అనుభవం పనికొచ్చిందని నా నమ్మకం. దౌత్యవేత్తగా పెరిగిన మనిషి అయితే జాతీయ దినోత్సవం రోజు విందు, ఒక పియానో కచేరీ, రాయబారి ప్రసంగం పెట్టి ఊరుకునేవాడు. టీవీ ప్రొడ్యూసర్ ముందు చూసేది అవతల కూర్చున్న ప్రేక్షకుడిని: ఇతను ఎందుకు చూడాలి, ఏ నిమిషంలో లేచిపోతాడు అని. 2004లో హంగరీ యూరోపియన్ యూనియన్‌లో చేరిన ఏడాది, 'మాగ్యార్ మ్యాజిక్' (మాగ్యార్ అంటే హంగరీవాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు) అనే పేరుతో బ్రిటన్ అంతటా హంగరీ కళల ఉత్సవం నడిచింది, దాని వెనక ప్రధానంగా ఉన్నది ఈవిడే. సొంత హాల్లో సొంత జనానికి చూపించుకోవడం వేరు, బ్రిటిష్ సంస్థలను ఒప్పించి వాళ్ళ వేదికల మీద వాళ్ళ ప్రేక్షకుల ముందు పెట్టించడం వేరు. రెండో దానికి ఫోన్లో గంటలు గంటలు మాట్లాడే ఓపిక, అవతలివాడికి ఇందులో ఏం లాభమో చెప్పగలిగే నేర్పు కావాలి. గెస్టుని స్టూడియోకి రప్పించడానికి మీరు రోజూ చేసే పనే అది, కొంచెం పెద్ద స్థాయిలో.

పరిచయాల మాట అడిగారు. టీవీలో పనిచేస్తే పరిచయాలు వస్తాయి, అందులో తప్పేముంది? కళాకారులతో ముందే మాట కలిసి ఉండటం సాంస్కృతిక కేంద్రం నడిపేవాళ్ళకి సగం పెట్టుబడి.

పాతపేపరు

పైన చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఆవిడ వచ్చిన టీవీ ఎలాంటిదో కూడా చూడాలి. హంగరీలో చాలా కాలం ప్రభుత్వ టీవీ ఒక్కటే, 1957లో క్రమంగా ప్రసారాలు మొదలయ్యాయి, బుడాపెస్ట్ నడిబొడ్డున పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలో ఉండేది. 1989 వరకు సోమవారం టీవీయే ఉండదు, వారానికి ఒక రోజు దేశానికంతటికీ సెలవు! ఆ ఒక్క టీవీలో సంగీతం, నాటకం, సాహిత్యం మీద కార్యక్రమాలకి మంచి చోటు ఉండేది, ఎందుకంటే రేటింగుల గొడవ లేదు. సెన్సారు గీత ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుసు. అలాంటి చోట పెరిగిన మీడియా తరానికి ఏ మాట ఎంతవరకు అనొచ్చో తూచి మాట్లాడటం అలవాటైపోతుంది. దౌత్యంలో అదే ముఖ్యం.

నిబంధనల పిచ్చి

2011 గురించి నేను రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

"కుర్చీలో కూర్చోవడం వరకేనా" అన్నారు. నిబంధనల ప్రకారం చూస్తే చాలావరకు అంతే. యునెస్కో జనరల్ కాన్ఫరెన్స్ రెండేళ్ళకోసారి జరుగుతుంది, అధ్యక్ష స్థానం ప్రాంతాల వారీగా తిరుగుతుంది, ఆ సారి తూర్పు యూరప్ దేశాల వంతు. రోజువారీ సంస్థని నడిపేది డైరెక్టర్ జనరల్, అప్పట్లో బల్గేరియాకి చెందిన ఇరీనా బొకోవా. అధ్యక్షురాలికి సొంత సైన్యం లేదు, బడ్జెట్ లేదు, సభ నడపడమే పని. హంగరీకి ఇది మొదటిసారి కూడా కాదు, 1974లో మాగ్దా యోబోరు అనే ఆవిడ అదే కుర్చీలో కూర్చున్నారు.

కానీ 2011 అక్టోబరు 31న ఆ హాల్లో జరిగింది మామూలు విషయం కాదు. పాలస్తీనాని సభ్యదేశంగా చేర్చుకోవాలా వద్దా అన్న ఓటు. నాలుగు రోజుల ముందు దక్షిణ సూడాన్ చేరిపోయింది, దానికి చిక్కేమీ లేదు, ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉన్న దేశానికి యునెస్కో తలుపు తెరిచే ఉంటుంది. ఆ సభ్యత్వం లేని దేశమైతే ముందు ఎగ్జిక్యూటివ్ బోర్డు సిఫార్సు చేయాలి, తర్వాత జనరల్ కాన్ఫరెన్స్‌లో మూడింట రెండు వంతుల మెజారిటీ రావాలి. బోర్డులో అక్టోబరు 5నే 40 మంది అనుకూలం, 4 వ్యతిరేకం, 14 మంది తటస్థం. ఇక మహాసభలో 107 అనుకూలం, 14 వ్యతిరేకం, 52 తటస్థం. మన దేశం అనుకూలంగా వేసింది. అమెరికా, జర్మనీ, కెనడా వ్యతిరేకం. ఫ్రాన్స్ అనుకూలం అనగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. తటస్థ ఓట్లు లెక్కలోకి రావు కాబట్టి 121లో 81 చాలు, 107 వచ్చాయి.

తర్వాత ఏమవుతుందో ఓటు వేసే ముందే అందరికీ తెలుసు. పాలస్తీనాకి పూర్తి సభ్యత్వం ఇచ్చే ఏ ఐక్యరాజ్యసమితి సంస్థకీ డబ్బు ఇవ్వకూడదని అమెరికాలో 1990లో ఒకటి, 1994లో ఒకటి చట్టాలున్నాయి. అప్పట్లో యునెస్కో బడ్జెట్‌లో 22 శాతం అమెరికాది. ఆ డబ్బు వెంటనే ఆగిపోయింది. బొకోవా అత్యవసర నిధి పెట్టి దేశాలను చందాలు అడగాల్సి వచ్చింది. బకాయిలు పేరుకుపోయి 2013 నవంబరులో అమెరికా ఓటు హక్కే కోల్పోయింది.

ఇప్పుడు ఊహించుకోండి. సభ అధ్యక్షురాలు, సొంత దేశం యూరోపియన్ యూనియన్ సభ్యదేశం, ఆ యూనియన్లో దేశాలేమో మూడు ముక్కలుగా చీలి తలో రకంగా ఓటేశాయి. అలాంటి హాల్లో గొంతు పెంచకుండా, ఎవరి వైపూ మొగ్గినట్టు కనపడకుండా, ఒక్కో దేశం పేరు పిలిచి ఓటు తీసుకునే ప్రక్రియ పూర్తయ్యేదాకా సభని పట్టి ఉంచాలి. లైవ్‌లో యాంకర్ కూడా ఇదే చేస్తుంది. మూడు రోజులకి, నవంబరు 3న, అదే సభ మీ రేడియో దినోత్సవాన్ని ప్రకటించింది, స్పెయిన్ ప్రతిపాదన అది. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం కూడా ఆ సమావేశాల్లోదే. అంత టెన్షన్ మధ్య మిగతా ఎజెండా ఆగకుండా కదిలిందంటే అధ్యక్ష స్థానానికి కొంత గౌరవం ఇవ్వాల్సిందే.

కృష్ణలంక

అందరూ మెచ్చుకుంటున్నారు, బాగుంది, కానీ న్యూయార్క్ సంవత్సరాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2015లో ఆవిడ అక్కడికి వెళ్ళారు. అదే ఏడాది హంగరీ సెర్బియా సరిహద్దులో కంచె కట్టింది. 2018 జూలైలో వలసల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ముసాయిదా ఖరారైన కొద్ది రోజులకే తాము బయటికి వచ్చేస్తున్నామని హంగరీ ప్రకటించింది. డిసెంబరు 19న సర్వసభ్య సభలో 152 దేశాలు అనుకూలం, వ్యతిరేకం 5 మాత్రమే, ఆ అయిదింటిలో హంగరీ ఒకటి. ఆ రోజు అక్కడ హంగరీ శాశ్వత ప్రతినిధి ఈవిడే కదా? సంస్కృతి అంటే వంతెన అని చెప్పే మనిషి కంచె కట్టిన ప్రభుత్వానికి గొంతు ఎలా అయ్యారు? సోషలిస్టుల ప్రభుత్వంలో స్టేట్ సెక్రటరీ, తర్వాత ఆ కంచె కట్టిన మితవాద ప్రధాని విక్టర్ ఓర్బాన్ ప్రభుత్వంలోనూ పదవి. నాకు ఇది కష్టంగానే ఉంది, మాట దాచుకోను.

థేమ్స్ ఒడ్డున

@కృష్ణలంక మీ ప్రశ్న న్యాయమైనదే అండీ. నేను ఒక మాట మాత్రం అంటాను. రాయబారి ఓటు సొంత ఓటు కాదు, రాజధాని నుంచి వచ్చిన ఆదేశం. నచ్చకపోతే రాజీనామా చేయాలి, మధ్యలో ఇంకో మార్గం లేదు. ప్రభుత్వం మారినా మనిషిని కొనసాగించడం ఆవిడ పనికి దక్కిన గుర్తింపు అని కొందరంటారు, సర్దుకుపోయారని ఇంకొందరంటారు. లండన్‌లో చేసిన పనిని 2018 ఓటు చెరిపేయదు, ఆ పని పేరు చెప్పి ఈ ఓటుని మాఫీ చేయడమూ కుదరదు. నేను రెండూ పక్కపక్కన పెట్టే చూస్తాను.

కృష్ణలంక

ఒప్పుకుంటాను. కానీ సాంస్కృతిక కేంద్రం డైరెక్టర్‌కి ఉన్న స్వేచ్ఛ శాశ్వత ప్రతినిధికి ఉండదు అన్న సంగతి మన ప్రశ్న అడిగిన తమ్ముడో చెల్లెలో ముందే తెలుసుకోవాలి. పదవి పెద్దదయ్యేకొద్దీ సొంత మాట తగ్గుతుంది.

వాల్తేరు విద్యార్థి

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. బోగ్యాయ్ కూర్చున్న ఆ అధ్యక్ష పీఠంలో 1952లో కూర్చున్నది మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, యునెస్కో ఏడవ జనరల్ కాన్ఫరెన్స్‌కి. మా ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 36 వరకు వైస్ ఛాన్సలర్. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్, తర్వాత మాస్కోలో రాయబారి. ఆయన కూడా దౌత్యశాఖ పరీక్ష రాసి వెళ్ళిన మనిషి కాదు, క్లాసురూములో పాఠం చెప్పి పైకొచ్చిన మనిషి. యునెస్కో అంటే మనకి 2021లో రామప్ప గుడికి గుర్తింపు వచ్చినప్పుడు టీవీల్లో మోగిన పేరు అనే అనుకుంటాం, దాని తొలి రోజుల్లోనే మనవాడి చేయి ఉందని చాలామందికి తెలియదు. కాబట్టి "మనలాంటి వాళ్ళకి దారి ఉందా" అన్నదానికి, ఎప్పుడో ఒకరు వెళ్ళొచ్చారు అని నా జవాబు.

రేడియో గొంతు

అందరికీ చాలా చాలా థాంక్స్. (తమ్ముడిని కాదు, చెల్లెలినే కృష్ణలంక గారూ.) 2018 సంగతి నాకు అసలు తెలియదు, చదువుతాను. స్క్రిప్టులో అక్టోబరు 31, నవంబరు 3 పక్కపక్కన పెట్టి చెప్పాలనుకుంటున్నాను. చివరి ప్రశ్న ఒక్కటి మిగిలింది, ఇక్కడ ఇండియాలో మొదలుపెట్టాలంటే ఎక్కడ?

నిబంధనల పిచ్చి

మనకి ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ఉంది చెల్లీ, 1950లో మౌలానా ఆజాద్ పెట్టిన సంస్థ, విదేశాల్లో మన సాంస్కృతిక కేంద్రాలు నడిపేది అదే. బుడాపెస్ట్‌లో కూడా ఒకటి ఉంది, అమృతా షేర్‌గిల్ పేరు మీద, ఆవిడ పుట్టింది ఆ ఊళ్ళోనే కదా, తల్లి హంగరీ మనిషి. కేంద్రాల్లో డ్యాన్స్, యోగా, హిందీ టీచర్లను పంపుతారు, అప్పుడప్పుడు బయటివాళ్ళకి కూడా నోటిఫికేషన్లు వస్తాయి, వాళ్ళ వెబ్‌సైట్ చూస్తూ ఉండు. అటువైపు నుంచి చూస్తే ఢిల్లీలో 1978 నుంచి హంగరీ సాంస్కృతిక కేంద్రం ఉంది, ఇప్పుడు లిస్ట్ ఇన్‌స్టిట్యూట్ అంటున్నారు. ఢిల్లీ వెళ్ళే పని పడితే అక్కడి కచేరీనో ఎగ్జిబిషనో ఒకటి చూసి, నడిపేవాళ్ళతో రేడియోకి ఒక ఇంటర్వ్యూ చేయి. నీ స్క్రిప్టు ప్రసారం అయ్యే టైము కూడా ఇక్కడ పెట్టు, వింటాం.